జడత్వం పాఠం

నా భార్య నన్ను గురించి ఏమనుకున్నదో నాకంటే ముందు ఎక్కడెక్కడి ఊర్ల పిల్లలకో తెలిసింది. నాకు తెలిసేనాటికి ఆమె లేదు.

అది రెండువేల తొమ్మిది ఎండాకాలం. సావిత్రి ఆ ఏడు శివరాత్రికి ముందే పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. చాంద్రాయణగుట్ట దగ్గరి సర్కారు హైస్కూలులో సైన్సు టీచరు ఆమె. నేను సిటీ బస్సు డ్రైవరును. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివిన, అంతే. ఆమె పెళ్లయినంక చదివి టీచరైంది. సంతోష్‌నగర్‌లో మా గల్లీవాళ్లు నన్ను టీచరమ్మ పెనిమిటి అనేటోళ్లు. అన్నవాళ్ల మొహాలన్నీ నాకు యాదున్నయి.

మే నెలలో ఒక ఆదివారం రామచంద్రరావు అనే ఆయన మా ఇంటికి వచ్చిండు. గుంటూరు దిక్కు మనిషి. ఎండాకాలం సెలవుల్లో టీచర్లకు ట్రైనింగులు ఇచ్చే సారు. సావిత్రి పేరు చెప్పి చేతులు జోడించిండు. చాలాసేపు మెచ్చుకున్నడు. వచ్చే బుధవారం మీటింగు ఉన్నదట, ఆమె పేరు మీద నాకు శాలువా కప్పుతారట. శాలువాతో నాకు పని లేదని చెప్పిన. ఆయన ఏమీ అనుకోలేదు.

"మీరొస్తే మీకొకటి చూపించాలండీ రామలింగంగారూ. చూస్తే మీరే సంతోషిస్తారు" అన్నడు.

మా బిడ్డ సుజన టీ తెచ్చి ఇచ్చి అక్కడే నిలబడ్డది. బీయిడీ పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంటున్నది ఆ పిల్ల. ఆయన పోయినంక నన్ను బతిమాలింది, పోదాం బాపూ, అమ్మ ముచ్చటే గదా అని. తల్లి పోయినంక ఆమె మొహంలో అంత సంబురం నేను చూడలేదు. ఆ సంబురం చూసి ఒప్పుకున్న. డ్యూటీకి సెలవు పెట్టి పోయిన.

మీటింగు సావిత్రి పనిచేసిన బడిలోనే. పెద్ద రూములో బెంచీల మీద టీచర్లు ఇరుక్కొని కూర్చున్నరు. సెలవులు పాడైనయని అందరి మొహాలూ మాడిపోయి ఉన్నయి. ఫ్యాన్లు తిరుగుతున్నయి గాని గాలి లేదు. ముందరి గోడకు తెల్లబట్ట కట్టి, దాని ముందర కంప్యూటరు పెట్టిన్రు. మేమిద్దరం వెనక బెంచీలో కూర్చున్నం.

రామచంద్రరావు చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. ప్రతి టీచరు దగ్గరా ఏదో ఒక పాఠం బాగా చెప్పే ఉపాయం ఉంటది. అది ఆ నాలుగు గోడల మధ్యనే పుట్టి, రిటైరైన రోజు టీచరు వెంట ఇంటికి పోతది. అట్ల పోనియ్యకుండా కొందరు టీచర్లు కలిసి నెట్‌లో ఒక సైటు పెట్టుకున్నరు. ఎవరి పాఠం వాళ్లు తెలుగులో రాసి అందులో పెట్టాలె. ఏ ఊరి టీచరైనా దాన్ని తీసుకోవచ్చు, పిల్లలకు చెప్పుకోవచ్చు, తమ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఎవరినీ అడిగే పని లేదు. ఈ చివరి మాట ఆయన రెండుసార్లు చెప్పిండు.

ముందు బెంచీలోని ఒక సారు లేచి, తప్పు రాస్తే రాష్ట్రమంతా చూస్తది గదా అని అడిగిండు. చూసినవాళ్లే దిద్దుతారని ఈయన జవాబు. ఇంకొకాయన, మనం కష్టపడి రాస్తే గైడ్లు అచ్చువేసేటోళ్లు ఎత్తుకపోతరన్నడు. పోనివ్వండి, పాఠమేమైనా తరుగుతుందా అన్నడు ఈయన. మా పక్క బెంచీలో ఒక మేడమ్, బడిలో రికార్డులు రాసేటందుకే చేతులు పడిపోతున్నయి, ఇప్పుడు ఇదొకటా అని గొణిగింది. నాకు ఆమె మాటే నచ్చింది. కష్టపడి సంపాదించుకున్న పనితనం ఎవరన్నా ఊరికే పంచుతరా. మా డిపోలో ఏ మెకానిక్కూ తన కిటుకు పక్కవాడికి చెప్పడు. అడిగితే వీపు అడ్డం పెట్టి పని చేస్తడు.

మాటలెందుకు, ఒక పాఠమే చూద్దామని రామచంద్రరావు మీట నొక్కిండు. తెర మీద పెద్ద అక్షరాలతో 'జడత్వం' అని పడ్డది. దాని కింద 'రచన: సావిత్రి' అని, బడి పేరు.

నేను సుజన దిక్కు చూసిన. ఆమె తెర దిక్కే చూస్తున్నది. కండ్లు తడిగా ఉన్నయి, నవ్వుతున్నది.

ఒక మేడమ్ లేచి పైకి చదవడం మొదలుపెట్టింది. కదలకుండా ఉన్న వస్తువు ఏదైనా బలం వచ్చి కదిలించేదాకా కదలదు. కదులుతున్న వస్తువు ఏదైనా బలం వచ్చి ఆపేదాకా ఆగదు. బస్సులో నిలబడ్డవాళ్లు బ్రేకు పడగానే ముందుకు ఎందుకు తూలుతారు, బస్సు బయలుదేరగానే వెనక్కి ఎందుకు పడతారు. ఇదంతా బాగానే ఉన్నది. నేను రోజూ అద్దంలో చూసేదే. ఆ తర్వాత మేడమ్ కొంచెం ఆగింది. తర్వాతి వాక్యం ఆమె కండ్లకు కనబడ్డది, నవ్వు ఆపుకుంటున్నది.

"మా ఇంటాయన బస్సు డ్రైవరు" అని చదివింది. "అంత పెద్ద బస్సును కదిలిస్తాడు, ఆపుతాడు. కాని ఇంట్లో ఒకసారి మంచం మీద కూర్చున్నాడంటే ఆయనను కదిలించే ఇంజను ఇంకా తయారు కాలేదు. పిల్లలూ, దీన్నే నిశ్చల జడత్వం అంటారు."

రూమంతా నవ్వింది. పొద్దటి నుంచి మాడిపోయిన మొహాలన్నీ విచ్చుకున్నయి. తప్పు రాస్తే ఎట్లా అన్న సారు బెంచీ మీద చేత్తో కొడుతున్నడు. చేతులు పడిపోతున్నయన్న మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నా చెవులు మూసుకుపోయినట్టయింది. నవ్వు కనబడుతున్నది, వినబడడం లేదు.

అంతలో రామచంద్రరావు చెయ్యి ఎత్తిండు. ఆ ఇంటాయన ఇవాళ మన మధ్యనే ఉన్నారండీ అని నన్ను చూపించిండు. తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగినయి. చప్పట్లు కొట్టిన్రు. ముందుకు రమ్మని పిలిచిన్రు.

నేను లేవలేకపోయిన. లేవాలనే ఉన్నది. కాళ్లు నా మాట వినలేదు. సుజన మోచెయ్యి పట్టుకొని లేపబోయింది, నేను కదలలేదు. అప్పుడు ముందు నుంచి ఎవరిదో గొంతు వినబడ్డది.

"ఇంజను తెప్పియ్యాలె సారూ."

మళ్లీ నవ్వు. మొదటిదానికంటే పెద్దది. అది చెడ్డ నవ్వు కాదని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి ఏం చేసుకోవాలె. చివరికి రామచంద్రరావే శాలువా పట్టుకొని వెనక బెంచీ దాకా వచ్చి, కూర్చున్న మనిషికి కూర్చున్నట్టే కప్పిండు. మే నెలలో ఉన్ని శాలువా. ఫొటో తీసిన్రు.

ఇంటికి వచ్చినంక సుజనను అడిగిన, మీ అమ్మ అది ఎప్పుడు రాసిందని. పోయిన చలికాలం అన్నది. పోయిన చలికాలం సావిత్రి సాయంత్రాలు పొద్దుపోయి ఇంటికి వచ్చేది. టెన్తు పిల్లలకు స్పెషల్ క్లాసులని నాకు చెప్పింది. డాక్టరు రెస్టు తీసుకొమ్మన్నడు గదా అంటే, పరీక్షలైనంక తీసుకుంటనన్నది. స్పెషల్ క్లాసులు లేవు. మెయిన్ రోడ్డు మీద వహీద్ భాయ్ నెట్ సెంటరులో తల్లీబిడ్డలు కూర్చునేటోళ్లు. ఆమె చెప్పేది, ఈమె టైపు చేసేది. ఒక్క జడత్వమే కాదు, ఇంకా చాలా పాఠాలున్నయట.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వద్దంటవని."

"అంటుంటి."

"గందుకే చెప్పలే బాపూ."

డ్యూటీ దిగి వచ్చి, తాళం వేసిన ఇంటి ముందర మెట్టు మీద ఆ చలికాలం నేను ఎట్ల కూర్చున్ననో నాకు తెలుసు. ఆ సాయంత్రాలు నావి. ఆమెకు మిగిలినవీ అవే, నాకు మిగిలినవీ అవే. వాటిని తీసుకపోయి మొహం తెలియని టీచర్లకు పంచిపెట్టింది. ఊరికే పంచలేదు, నన్ను కూడా అందులో పెట్టి ఇచ్చింది.

ఆ రోజు నుంచి సుజనతో అవసరమైన మాటలే మాట్లాడిన. అన్నం, నీళ్లు, తాళంచెవి, అంతే.

మరునాడు అఫ్జల్‌గంజ్ ట్రిప్పులు ముగించుకొని, యూనిఫాం మీదనే వహీద్ భాయ్ నెట్ సెంటరుకు పోయిన. ఒక దిక్కు దర్జీ దుకాణం, ఒక దిక్కు జిరాక్సు, నడుమ ఇరుకు గది. చెక్కతో అరలు అరలుగా కొట్టి కంప్యూటర్లు పెట్టిండు. వహీద్ భాయ్ నా ఈడువాడే, గడ్డం నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డడు. మేడమ్ సంగతి విన్ననని, బహుత్ అఫ్సోస్ అని, ఒక మూల కుర్చీ చూపించిండు. మేడమ్ ఎప్పుడూ అందులోనే కూర్చునేదట. దగ్గు వస్తే లేచి బయటికి పోయి దగ్గి వచ్చేదట. నేను అందులోనే కూర్చున్న.

ఆయనకు మిషను వస్తది, తెలుగు రాదు. నాకు తెలుగు వస్తది, మిషను రాదు. ఆయన నొక్కుతుంటే నేను చదువుతూ పోయిన. ఇద్దరం కలిసి జడత్వం పాఠం పట్టుకున్నం. పాఠం నెత్తి మీద 'మార్చు' అని రాసి ఉన్నది. అది నొక్కుమన్న. పాఠమంతా ఒక డబ్బాలో తెరుచుకున్నది. అక్షరాలు తుడవాలంటే ఎట్లా అని అడిగిన. పై నుంచి కింద దాకా గుంజి, నల్లగైనంక ఈ మీట నొక్కాలని చూపించిండు.

"క్యా కర్‌రే సాబ్?"

"దిద్దుతున్న" అన్న.

గుంజిన, నొక్కిన. పాఠం పోయింది. 'భద్రపరచు' అని ఉన్నది కింద, అది కూడా నొక్కిన. తెల్లగా మిగిలింది. తప్పేం చేయలేదు. ఎవరైనా మార్చుకోవచ్చు, ఎవరినీ అడిగే పని లేదని ఆ సారే చెప్పిండు. నేనూ ఎవరినీ అడగలేదు.

పని అయిపోయింది అనుకున్న. ఊరికే చూసిపోదామని తెల్లారి మళ్లీ ఆగిన. పాఠం ఎక్కడిదక్కడ ఉన్నది. మా ఇంటాయన, మంచం, ఇంజను, అన్నీ ఉన్నయి. చచ్చినోళ్లు తిరిగి వచ్చి నన్ను తిట్టినట్టే అనిపించింది.

ఎవరు ఏం మార్చిన్రో అంతా రాసి ఉంటదని వహీద్ భాయ్ ఇంకో పేజీ తెరిచిండు. చదివిన. రాగసుధ అని ఒక పేరు. పేరు పక్కన ఒక ముక్క. 'పాఠం ఎలాగో చెరిగిపోయింది. తిరిగి పెట్టాను.'

మళ్లీ తుడిచిన. తెల్లారేసరికి మళ్లీ వచ్చింది. ఆ వారమంతా ఇదే పని. పొద్దున అఫ్జల్‌గంజ్ సిగ్నలు దగ్గర బస్సు ఆపుకొని, ఈపాటికి ఆమె పెట్టేసి ఉంటదని తలుచుకునేది. సాయంత్రం పోయి తుడిచేది. రాగసుధ విజయనగరం దిక్కు ఏదో పల్లెలో టీచరని ఆమె పేరు నొక్కితే కనబడ్డది. మొదట్లో మర్యాదగా రాసింది. తర్వాత గట్టిగా రాసింది. 'ఎవరో కావాలనే చేస్తున్నారు. దయచేసి ఆపండి. బడి తెరవగానే మా పిల్లలకు ఈ పాఠం చెప్పాలి. ఇంత సులువుగా రాసిన పాఠం నాకు ఇంకొకటి దొరకలేదు.'

వహీద్ భాయ్ అది చదివించుకొని గడ్డం గోక్కున్నడు.

"రోజ్ కుస్తీ లడ్తీ సాబ్ యే ఆప్ సే. కౌన్ హై? మేడమ్‌కీ సహేలీ?"

"దోస్తు కాదు. వీళ్లిద్దరు ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు."

"చూడకుండనే గింత లడాయా" అని తెలుగులో అన్నడు. అని పక్క అర దిక్కు పోయిండు.

ఆ తర్వాతి ఆదివారం రామచంద్రరావు మళ్లీ ఇంటికి వచ్చిండు. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు. సావిత్రిగారి పాఠాన్ని ఎవడో దుర్మార్గుడు రోజూ తుడిచేస్తున్నడని, చచ్చిపోయిన మనిషి మీద అంత పగ ఎవరికి ఉంటదో అర్థం కాలేదని చెప్పిండు. అంతటితో పోలేదు. మీటింగులో పేర్లు ఇచ్చిన టీచర్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గుతున్నరట. మా పాఠాలకూ ఇదే గతి పడితే ఎట్లా అంటున్నరట. ఇన్నేండ్లు తిరిగి తిరిగి ఒప్పించినవాళ్లు ఒక్కడి వల్ల చెల్లాచెదరైపోతున్నరని బాధపడ్డడు.

నేను టీ తాగుతూ విన్న. మీటింగులో ఇంజను తెప్పియ్యాలె అన్న గొంతు యాదికి వచ్చింది. చెల్లాచెదరు కానియ్యి అనుకున్న.

సుజన, ఆ తుడిచేది ఎక్కడి నుంచో తెలుస్తదా సార్ అని అడిగింది.

"పూర్తిగా తెలియదమ్మా. ఈ హైదరాబాదు నుంచేనంటున్నారు మావాళ్లు. సంతోష్‌నగర్ వైపు ఏదో నెట్ సెంటరట."

సుజన చేతిలోని పళ్లెం అట్లనే ఆగింది. నా దిక్కు చూడలేదు. ఆయన చెప్పులు తొడుక్కొని గల్లీ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడి, అప్పుడు లోపలికి వచ్చింది.

"నువ్వేనా బాపూ?"

"అవ్. నేనే."

లొల్లి చేస్తదనుకున్న. చేయలేదు. గడప మీద కూర్చున్నది. నీ ముచ్చట ఒక్కటి తీసేస్తే అయిపోవు గదా, పాఠమంతా ఏం చేసింది నిన్ను అన్నది. నాకు ఆ ఉపాయం అంతవరకు తట్టనే లేదు. గుంజితే పై నుంచి కింద దాకా గుంజడమే వహీద్ భాయ్ నేర్పిండు.

తర్వాత సుజన తనంతట తనే చెప్పింది. టైపు చేసేటప్పుడే ఆమె అన్నదట, అమ్మా, బాపు చూస్తే ఊకుంటడా, ఇది తీసేద్దాం అని. ఉండనియ్, పిల్లలకు గదే యాదుంటది అన్నదట సావిత్రి.

మీటింగు నాటి నుంచి నాకు ఒక మాట అడగాలని ఉన్నది. ఆ చదివిన మేడమ్ తన నవ్వుతో చదివింది. అది సావిత్రి నవ్వు కాదు. సావిత్రి ఎట్ల అన్నదో విన్నది ఈ లోకంలో సుజన ఒక్కతే.

"నవ్వుకుంట అన్నదా?" అని అడిగిన. "కోపంగ అన్నదా?"

సుజన గడప మీది పసుపును గోరుతో గీకింది.

"దగ్గుకుంట అన్నది" అన్నది. "గప్పుడు ఏదన్నా దగ్గుకుంటనే అంటుండె గదా బాపూ. నవ్వో కోపమో నాకెట్ల తెలుస్తది?"

ఖాళీ టీ గ్లాసులు తీసి ఒక దిక్కు పెట్టిన.

సుజన, ఆ ముచ్చట ఒక్కటి నేను తీసెయ్యాల్నా అని అడిగింది. నువ్వు ముట్టకు, నువ్వు రాసిందే చాలు అన్న. ఆ మాట ఆమెకు తగలాలనే అన్న. తగిలింది.

మరునాడు నెట్ సెంటరులో మొదటిసారి ఆ పాఠం మొదటి నుంచి చివర దాకా చదివిన. అప్పటిదాకా తుడవడమే గాని చదవలేదు. బాగా రాసింది. బ్రేకు వేస్తే మనుషులు ఎట్ల తూలుతరో, డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి తెలిసినట్టే రాసింది. ఇవన్నీ నన్నెప్పుడు అడిగిందో నాకు యాదికి రాలేదు. అడిగే ఉంటది. నేను చెప్పే ఉంటా.

'మా ఇంటాయన' దగ్గర మొదలుపెట్టి 'ఇంజను ఇంకా తయారు కాలేదు' దాకా, ఆ కింద పిల్లలకు చెప్పిన మాట దాకా గుంజిన. నల్లగైంది. నొక్కిన. మిగిలిన పాఠం మిగిలింది. భద్రపరిచిన.

తెల్లారి డ్యూటీ దిగి ఉరికినట్టే పోయిన. రాగసుధ ఈసారి ఏం రాసిందో చూడాలని. ఏమీ రాయలేదు. పాఠం నేను వదిలినట్టే ఉన్నది.

"ఆజ్ కుస్తీ నై?" అన్నడు వహీద్ భాయ్.

లేదన్న. ఆలస్యమైందేమో అనుకున్న. ఇంకో రోజు పోయిన. ఇంకో రోజు పోయిన. ఆ తర్వాత ఆమె ముక్క కనబడ్డది. 'ఎవరూ చెరపడం లేదు, సంతోషం. పాఠం ఇప్పుడు సాఫీగా ఉంది.' నేను తుడిచిన చోట ఒక ఎడ్లబండి పెట్టింది. ఎద్దులు లాగేదాకా బండి కదలదు, పిల్లలూ, దీన్నే నిశ్చల జడత్వం అంటారు. అతుకు కూడా కనబడలేదు.

రామచంద్రరావు సుజనకు ఫోను చేసి సంతోషపడ్డడట. దుర్మార్గుడికి బుద్ధి వచ్చినట్టున్నది, పేర్లు వెనక్కి తీసుకున్న టీచర్లు మళ్లీ ఇస్తున్నరు, చేతులు పడిపోతున్నయన్న మేడమ్ కూడా ఒక పాఠం రాసి ఇచ్చింది అని. పాఠం సగం పోయిందని ఆయనకు తెల్వదు. ఆ రూములో అంతమంది బెంచీలు కొట్టి కొట్టి నవ్విన్రు. ఆ నవ్విన మాటే పోయిందని ఒక్కరికి కూడా తెల్వలేదు. నా మొహం అంతమంది చూసిన్రు, శాలువా కప్పిన్రు, ఫొటో తీసిన్రు. ఎవరూ వెతకలేదు.

నేను కోరుకున్నదే అది. కోరుకున్నది జరిగితే అట్ల ఉంటదని నాకు తెల్వదు.

సుజన పెడతదేమో అని కూడా చూసిన. ఆమె పెట్టలేదు. ముట్టకన్న గదా, ముట్టలేదు. ఆ విషయంలో తల్లి కంటే నా పోలికే ఎక్కువ.

జూనులో బడులు తెరిచిన్రు. సుజనకు మహేశ్వరం అవతల ఒక పల్లె బడిలో విద్యా వలంటీరు పని దొరికింది. మా మరదలు నీలమ్మది ఆ దగ్గరి ఊరే. అక్కడే ఉంటనన్నది. రోజూ బస్సులో పోయి రావచ్చు, ఆ రూటు బస్సులన్నీ నాకు తెలుసు. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. బట్టలు సర్దుకొని, వాకిట్లో సంచి పెట్టి, వెనక్కి తిరిగింది.

"బాపూ, అమ్మ అన్న మాట నా దగ్గర ఉన్నది. మళ్ల పెట్టాల్నంటే చెప్పు. నిమిషం పని."

"అక్కర లేదు" అన్న.

ఆటో ఎక్కి పోయింది.

డ్యూటీ లేని రోజు మంచం మీద కూర్చుంటే ఇప్పుడు లెమ్మనేవాళ్లు లేరు. పొద్దున కూర్చుంటే ఎండ గడప దాటి, గోడ ఎక్కి, పోయేది. అట్లాంటి ఒక రోజున లేచి అంగీ తొడుక్కొని వహీద్ భాయ్ దగ్గరికి పోయిన. ఈసారి తుడవడం కాదు, రాయాలె అన్న.

ఆయన తల పట్టుకున్నడు. తెలుగు ఆయనకు రాదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడతదని మాత్రం తెలుసు, మేడమ్ బిడ్డ అట్లనే కొట్టేదట. ఇంగ్లీషు అక్షరాలు నాకు బస్సు బోర్డుల మీద చూసి తెలుసు. మీటల మీద అవి వరుసగా ఉండవు, ఎవడో విసిరేసినట్టు ఉంటయి. ఒక్క వేలుతో వెతికి వెతికి కొట్టిన. ఒకటి కొడితే ఒకటి పడ్డది. తుడవడం నాకు బాగా వచ్చు గనక పడ్డదల్లా తుడిచిన. దర్జీ దుకాణంలో మిషను ఆగిపోయి, భోజనం చేసి వచ్చి, మళ్లీ మొదలుపెట్టిన చప్పుడు వినబడ్డది. ఎడ్లబండి కంటే ముందర, బస్సు తర్వాత, చివరికి రెండు మాటలు పడ్డయి. 'మా ఇంటాయన.'

తర్వాతి మాటలు నాకు కంఠతా వచ్చు. అప్పుడే కరెంటు పోయింది. బ్యాటరీ ఎక్కువసేపు నిలబడదు, సేవ్ కరో సాబ్ అని వహీద్ భాయ్ కేక వేసిండు. భద్రపరిచిన. మిగిలింది రేపు రాస్తననుకున్న. ఇంటికి పోయేటప్పుడు దారిలో చాయ్ తాగిన. సావిత్రి పోయినంక బయట చాయ్ తాగింది అదే మొదలు.

మరునాడు డ్యూటీ దిగి వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్న. వహీద్ భాయ్ పాఠం తెరిచి పెట్టిండు. బస్సు ఉన్నది. ఎడ్లబండి ఉన్నది. నడుమ నా రెండు మాటలు లేవు.

ఎవరు మార్చిన్రో ఆ పేజీ తెరవమన్న. రాగసుధే. పేరు పక్కన ముక్క. 'పాఠానికి సంబంధం లేని మాటలు తీసేశాను.'

ఏం రాసిందని వహీద్ భాయ్ అడిగిండు. చదివి, ఆయనకు వచ్చిన భాషలో చెప్పిన. ఆయన చాలాసేపు తెర దిక్కు చూసిండు. చదవరాని అక్షరాలు.

"ఫిర్ లిఖో సాబ్" అన్నడు. "మిటానే మే తో ఆప్ కభీ నై థకే."

మళ్లీ రాయి, తుడిచేటప్పుడు ఎన్నడూ అలసిపోలేదు గదా అని. నిజమే. రాగసుధ తప్పు కూడా ఏం లేదు. నేనెవరో ఆమెకు తెల్వదు. పిల్లల ముందు పాఠం శుభ్రంగా ఉండాలె, అంతే. అయినా ఆమెను నేను మాఫ్ చేయలేదు. చెప్పకుండా నన్ను లోకానికి ఇచ్చిపోయిన సావిత్రిని చేయలేదు. అన్నీ తెలిసి ఊకున్న సుజననూ చేయలేదు.

కుర్చీ ముందుకు గుంజుకున్న. 'మ' ఏ మీట మీద ఉన్నదో మళ్లీ మర్చిపోయిన. వెతకడం మొదలుపెట్టిన.